మూత్రపిండములలోని పాదకణములు

నేటి ప్రసంగమునకు విషయము మన మూత్రపిండములలో నుండు ఒక జాతి కణములు. ఇవి కంటికి కనబడవు. సామాన్యమైన సూక్ష్మదర్శినితో చూచినను వాని నిజరూపము తెలియదు. ఐనను మధుమేహము మొదలైన వ్యాధులచే మూత్రపిండములు చెడునప్పుడు, ఆ చెడుపులో ఈ కణముల నాశమునకు ముఖ్యమైన పాలు గలదని గడచిన అర్ధశతాబ్దమున వైద్యశాస్త్రము కనుగొన్నది. పాశ్చాత్యులు వీనికి పోడోసైట్లని పేరిడిరి. గ్రీకుభాషలోని రెండు మాటలు కలిసి ఈ పేరైనది. మొదటి మాటకు పాదమనియు, రెండవదానికి కణమనియు అర్థము. కావున మనము వీనిని పాదకణములని పిలుచుకొనవచ్చును.

ఇంత సూక్ష్మమైన సంగతి పండితుల గోష్ఠికి తగును గాని పల్లెలోని పెద్దల కేల యని యెవరైన నడుగవచ్చును. దానికి సమాధానము చెప్పి ముందునకు పోయెదను. పంటికి పుచ్చు పట్టిన నొప్పి తెలుపును. కంటిలో నలుసు పడిన కన్నీరు తెలుపును. మూత్రపిండము మాత్రము తన చెడుపును సాధారణముగ నొప్పిచే తెలుపదు. నడుము నొప్పి లేదు గనుక మూత్రపిండములు బాగుగనే యున్నవని మనలో పలువురు తలంచుచున్నారు. ఆ తలంపు సరియైనది కాదు. ఆకలి చచ్చి, వాంతులు పుట్టి, ముఖము పాలిపోయి, ఆయాసము తోచునప్పటికి మూత్రపిండముల శక్తిలో ముక్కాలు భాగమునకు పైగా పోయియుండుట సాధారణము. కాని పెక్కుమంది విషయమున, దానికి ఎన్నో యేండ్లకు ముందుగనే పాదకణములు దెబ్బతిన్నట్లు మూత్రమున నొక గుర్తు కనబడుచుండును. ఆ గుర్తు నెఱిగినవాడు తన యింటివారిని కాపాడుకొనుటకు వేళ మించకుండ పూనుకొనగలడు. అందులకే ఈ ప్రసంగము.

మొదట మూత్రపిండముల పనిని కొంచెము తెలిసికొందము. వెన్నెముకకు ఇరుప్రక్కల, ప్రక్కటెముకల క్రిందిభాగమున, చిక్కుడుగింజ ఆకారముతో నివి రెండు గలవు. ఒక్కొక్కటి పిడికిలియంత యుండును. తూకము సుమారు 150 గ్రాములు. రెండును కలిసి మన శరీరపు బరువులో నూటికి అరపాలు మాత్రమే. ఐనను గుండె వెడలగొట్టు రక్తములో దాదాపు అయిదవ వంతు వీనికే పోవుచున్నది. నిమిషమునకు ఒక లీటరుకు పైగా, దినమునకు 1,500 లీటర్లకు పైగా, రక్తము వీనిగుండ ప్రవహించును. ఆ రక్తమునుండి దినమున కించుమించు 180 లీటర్ల నీరు వడియగట్టబడును. అందు 178 లీటర్ల వఱకు తిరిగి రక్తమునకే చేరును. మిగిలిన ఒకటిన్నర లేక రెండు లీటర్లే మనము విడుచు మూత్రము. మన దేహములోని రక్తమున కణములను తీసివేసిన మిగులు ద్రవము మూడు లీటర్లకు మించదు. అనగా ఆ ద్రవమంతయు దినమునకు అరువదిమార్లు వడపోతకు లోనగుచున్నదన్నమాట.

ఈ వడపోత జరుగు చోటులను మొదట వర్ణించినవాడు ఇటలీదేశస్థుడగు మార్సెల్లో మాల్పీగీ. 1666లో ప్రకటించిన గ్రంథమున నాయన, మూత్రపిండమును కోసి చూచిన చిన్న చిన్న గుండ్రని గింజలవంటివి రక్తనాళముల కొనలకు పండ్లవలె వ్రేలాడుచున్నవని తెలిపెను. 1842లో విలియం బౌమన్ అను ఆంగ్ల వైద్యుడు, ఆ గింజ యొక్కొక్కటి సన్నని రక్తనాళముల చుట్ట యనియు, దానిని గిన్నెవంటి యొక పొర చుట్టియున్నదనియు, ఆ గిన్నెనుండి మూత్రనాళిక బయలుదేరుచున్నదనియు చూపెను. నేడు ఆ చుట్టను రక్తకేశనాళికా గుచ్ఛమనియు, ఆ గిన్నెను బౌమన్ గుళిక యనియు పిలుచుచున్నారు. ఒక్కొక్క మూత్రపిండమున నిట్టి గుచ్ఛములు సుమారు పదిలక్షలు గలవు. కొందరి కంతకన్న తక్కువ, కొందరి కెక్కువ. ఇవన్నియు తల్లి గర్భమునందే, ముప్పదియాఱవ వారము నాటికే, ఏర్పడుచున్నవి. పుట్టిన పిమ్మట క్రొత్తవి ఏర్పడవు. ఈ మాటను జ్ఞాపకమునం దుంచుకొనుడు.

వడపోత యనగా నేమి? పనికిరానిదానిని వెలికిపంపి, పనికివచ్చుదానిని నిలుపుట. నీరు, ఉప్పు, యూరియా వంటి చిన్న పదార్థములు గుచ్ఛమునుండి దాటిపోవలెను. రక్తకణములును, మాంసకృత్తులును దాటరాదు. ఆ మాంసకృత్తులలో ముఖ్యమైనది ఆల్బ్యుమిన్. ఇది కోడిగ్రుడ్డు తెల్లసొనకు చుట్టము. రక్తనాళములలో నీటిని పట్టి యుంచుటకు ఇది మిక్కిలి యవసరము. రక్తమున ఆల్బ్యుమిన్ తగ్గినపుడు నీరు నాళములను వీడి ఒడలిలోనికి ఊరును. శరీరము ఉప్పును నీటిని బయటికి పోనీయక దాచుకొనును. కాళ్లు పొంగును. తెల్లవాఱి లేచునప్పటికి కన్నులచుట్టు ఉబ్బి యుండును.

ఆల్బ్యుమిన్‌ను ఆపునట్టి జల్లెడ మూడు పొరలతో కూడినది. లోపలిది రక్తనాళపు గోడ. దానిలో సూక్ష్మమైన రంధ్రము లనేకము గలవు. నడిమిది పలుచని చర్మమువంటి పొర. వెలుపలిది పాదకణముల పొర. ఈ మూడింటిలో ఏ యొక్కటి చెడినను వడపోత చెడును గాని, కడపటి కావలి పాదకణములదే.

పాదకణపు రూపము విచిత్రమైనది. దాని మొండెము నాళములపై నంటక, గుళికలోని ద్రవమున తేలుచున్నట్లుండును. మొండెమునుండి లావైన కొమ్మలు బయలుదేరును. ఆ కొమ్మలనుండి లెక్కకు మిక్కిలియైన చిన్న చిన్న పాదములు వెలువడి రక్తనాళమును చుట్టి పట్టుకొనును. ఒక కణపు పాదములు ప్రక్క కణపు పాదములతో, రెండుచేతుల వ్రేళ్లను ఒకదానినడుమ నొకటి దూర్చినట్లు, కలిసియుండును. ఆ వ్రేళ్లనడుమ మిగిలిన సందులే నీరు పోవు దారులు. సందు వెడల్పెంతో తెలియవలెనన్న, ఒక మిల్లీమీటరును 25,000 పాళ్లు చేసిన అందొక పాలని యెంచుకొనుడు. ఇంత సన్నని సందులను చూపుటకు సామాన్య సూక్ష్మదర్శిని చాలదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఉపయోగమునకు వచ్చినపిమ్మట, 1950వ దశకముననే, వీని నిజరూపము తెలియవచ్చెను.

ఆ సందు వట్టి ఖాళీ కాదు. దానిలో మిక్కిలి పలుచని తెర యొకటి యున్నది. ఆ తెర దేనితో అల్లబడినదో తెలిసిన విధము వినదగినది. ఐరోపాఖండమునకు ఉత్తరముననున్న ఫిన్లాండు దేశమున, 8,000 మొదలు 10,000 జననములకొకటి చొప్పున, శిశువులు పుట్టుకతోనే ఒక వ్యాధికి లోనగుచుండిరి. వారి మూత్రమున ఆల్బ్యుమిన్ ధారాపాతముగ పోవును, ఒడలు ఉబ్బును, ఇతర దేశములలో ఇది మిక్కిలి అరుదు. వంశపారంపర్యముగ వచ్చు ఈ వ్యాధికి కారణమైన జన్యువును 1998లో కార్ల్ ట్రిగ్వాసన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును కనుగొనిరి. ఆ జన్యువు చేయించు మాంసకృత్తునకు నెఫ్రిన్ అని పేరు. ఎదురెదురు పాదములనుండి నెఫ్రిన్ పోగులు బయలుదేరి సందునడుమ ఒకదాని నొకటి పట్టుకొని తెరగా నేర్పడుచున్నవి. ఆ శిశువులలో నీ పోగులు సరిగా పుట్టుట లేదు. తెర లేని జల్లెడలో ఆల్బ్యుమిన్ నిలువదు గదా. ఒక్క పోగు లోపించినంతనే మూత్రపిండ మంతయు వ్యర్థమగుట చూచి, పాదకణముల ప్రాధాన్యమును లోకము గుర్తించినది. 2000లో పోడోసిన్ అను మఱియొక మాంసకృత్తు తెలిసినది. దానిలోని లోపముచే కొందఱు బిడ్డలకు మందులకు లొంగని ఉబ్బువ్యాధి కలుగుచున్నది.

ఇక నన్నిటికన్న ముఖ్యమైన సంగతి చెప్పెదను. మన చర్మము గీచుకొనిపోయిన క్రొత్త చర్మము పుట్టును. రక్తము పోయిన క్రొత్త రక్తము పుట్టును. పాదకణములు మాత్రమట్లు పెరుగవు. ఒక గుచ్ఛమున నవి సుమారు 500 లేక 600 ఉండును. పెద్దవైన పాదకణములు రెండుగా చీలి సంతానమును కనవు. చచ్చినదానికి మాఱుగ క్రొత్తది చాలినంతగ పుట్టదు. ఒకటి ఊడి మూత్రమున కొట్టుకొనిపోయినపుడు, ప్రక్కనున్నవి తమ పాదములను చాచి ఆ ఖాళీని కప్పుటకు ప్రయత్నించును. కొంతవఱకు సాధించును. ఆ హద్దు దాటిన పిమ్మట నాళపు గోడ బోడిగ మిగులును. ఆ బోడిచోటు చుట్టునున్న గుళికకు అంటుకొనును. అచట మచ్చ కట్టును. మచ్చ కట్టినచోట రక్తము ప్రవహింపదు, వడపోత లేదు. గట్టున రాయి జాఱినచోటికి ప్రక్క రాళ్లను ఎంతవఱకు జరుపగలము? చివరకు గండి పడక మానదు.

ఈ విషయమును 2005లో అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకలలో కొలిచి చూపిరి. పాదకణములలో నూటికి ఇరువదిలోపు పోయినపుడు ఆల్బ్యుమిన్ కొంతకాలము కనబడి తగ్గినది. మూత్రపిండపు శక్తి చెడలేదు. ఇరువదికిని నలువదికిని నడుమ పోయినపుడు గుచ్ఛమున నచ్చటచ్చట మచ్చలు కట్టెను. ఆల్బ్యుమిన్ కొద్దిగ పోవుచునే యుండెను. నలువదికి మించి పోయినపుడు గుచ్ఛములు మచ్చలతో నిండి మూత్రపిండముల శక్తియే క్షీణించెను. మనుష్యులలో నిట్టి ప్రయోగము చేయరాదు గాని, మధుమేహ రోగుల మూత్రపిండములనుండి తీసిన తునుకలను పరీక్షించినపుడు, రోగము ముదిరినకొలది పాదకణముల సంఖ్య తగ్గుచుండుట కనబడినది. ఇందు మఱియొక చిక్కు గలదు. కొన్ని గుచ్ఛములు మూతబడినపుడు వాని భారము మిగిలినవానిపై పడును. వానిలోని పోటు హెచ్చును. ఆ పోటుచే వాని పాదకణములును ఊడుట కారంభించును. మొదటి కారణము తొలగిన పిమ్మటను, ఇట్లు నష్టము తనంతట తాను పెరుగుచుండవచ్చును.

ఆల్బ్యుమిన్ పోవుటకును మూత్రపిండ వ్యాధికిని గల సంబంధమును వైద్యులు ఎఱుగుట క్రొత్త కాదు. లండనులోని గైస్ ఆసుపత్రి వైద్యుడగు రిచర్డ్ బ్రైట్, ఒడలు ఉబ్బిన రోగుల మూత్రమును గరిటెలో పోసి దీపముపై వేడిచేసిన, గ్రుడ్డు తెల్లసొనవలె గడ్డకట్టుచుండుట చూచెను. వారు చనిపోయిన పిమ్మట శవములను కోసి, వారి మూత్రపిండములు చెడియుండుట గమనించి, ఆ సంగతిని 1827లో ప్రకటించెను. చాలకాలము ఆ వ్యాధికి బ్రైట్ వ్యాధి యనియే పేరుండెను. కాని ఆల్బ్యుమిన్ ఏ మార్గమున జాఱుచున్నదో ఆయనకు తెలియుటకు వీలు లేకపోయెను. 1957లో అమెరికాలో మేరిలిన్ ఫార్క్వార్ మొదలగువారు ఉబ్బువ్యాధిగల రోగుల మూత్రపిండపు తునుకలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూచి, పాదకణముల వ్రేళ్లు విడివిడిగ నుండుటకు మాఱుగ, చదునై పఱచుకొనిపోయినవని తెలిపిరి. వ్రేళ్లు చదునైనపుడు జల్లెడ పని చెడును.

ఏయే కారణములచే పాదకణములు చెడుచున్నవో ఇపుడు చూతము.

మొదటిది చిన్నబిడ్డలకు వచ్చు ఉబ్బు. రెండేండ్లు మొదలు ఆఱేండ్లలోపు బిడ్డకు ఉన్నట్లుండి ముఖము, కాళ్లు, పొట్ట ఉబ్బును. దిష్టి తగిలినదనియో, పథ్యము తప్పినదనియో తలంచి కాలము వృథా చేయరాదు. పాదకణముల వ్రేళ్లు చదునగుటయే దీనికి కారణము. అదృష్టవశమున ఈ బిడ్డలలో చాలమందికి కణములు చావవు. వ్రేళ్లు మఱల యథాస్థితికి రాగలవు. ప్రెడ్నిసొలోన్ అను మందునకు పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమంది నాలుగు వారములలోనే లొంగుదురు. ఐతే వ్యాధి తిరుగబెట్టుట తఱచు. మందును వైద్యుడు చెప్పినట్లు క్రమముగ తగ్గింపవలెనే గాని, ఉబ్బు దిగినది గదా యని హఠాత్తుగ మానివేయరాదు. ఈ వ్యాధిగల కొందఱి రక్తమున నెఫ్రిన్ పైననే పగబూనిన ప్రతిరక్షకములు కలవని 2022లోను 2024లోను ప్రకటింపబడిన పరిశోధనలు చూపినవి. మనలను కాపాడవలసిన సేనయే మన కావలివానిని కొట్టుచున్నదన్నమాట.

రెండవది పెద్దలకు వచ్చు ఉబ్బువ్యాధి. పాదకణములపై నుండు ఒక మాంసకృత్తునకు విరోధముగ ప్రతిరక్షకములు పుట్టి, నడిమి పొరను దళసరి చేయుట పెక్కుమందిలో దీనికి మూలమని 2009లో తెలిసినది. ఇందు మనము జాగ్రత్తపడవలసిన కారణ మొకటి గలదు. పాదరసము కలిసిన నాటుమందులును, చర్మమును తెల్లబఱచునని యమ్ము కొన్ని లేపనములును ఇట్టి వ్యాధినే కలిగించుచున్నవి. దక్షిణభారతమున వైద్యులు 2022లో ఇట్టి నాటుమందుల సంగతిని ప్రకటించియున్నారు. మందు మానిన పిమ్మట పలువురికి వ్యాధి తగ్గినది. మన పెద్దల వైద్యమును నిందించుట నా యుద్దేశము కాదు. దేనితో చేసినదో చెప్పని పొట్లమును, ఎవరు చేసిరో తెలియని డబ్బాను, నోటికిని ఒంటికిని తగులనీయవలదని మాత్రమే నా మనవి.

మూడవది మధుమేహము. నేడు లోకమున మూత్రపిండములు పూర్తిగ విఫలమగుటకు ఇదియే అగ్రకారణము. మధుమేహ రోగులలో సుమారు మూడింట నొక్కరికి మూత్రపిండములు చెడుచున్నవి. రక్తమున చక్కెర చిరకాలము హెచ్చియున్న గుచ్ఛమున పోటు పెరుగును. నడిమి పొర దళసరియగును. పాదకణములు పట్టు సడలి ఊడిపోవును. ఇది ఒక దినమున జరుగునది కాదు. పది పదునైదేండ్ల పని. ఆ యేండ్లన్నియు రోగికి ఏమియు తోచదు. నాలుగవది అదుపులేని రక్తపుపోటు. ఇది మూత్రపిండములలోని సన్నని నాళములను చెఱచుటయేగాక, గుచ్ఛములలోని పోటును పెంచి పాదకణములకు చేటు తెచ్చును. ఐదవది పుట్టుకనాటి కొఱత. తక్కువ బరువుతోనో, నెలలు నిండకయో పుట్టిన బిడ్డకు గుచ్ఛములు తక్కువగ నుండును. ఉన్నవానిపై బరువెక్కువ. కావున గర్భిణికి మంచి యాహారము పెట్టుట బిడ్డ మూత్రపిండములకు పునాది వేయుటయే.

ఇక గుర్తును పట్టు విధము. ఆరోగ్యవంతుని మూత్రమున దినమునకు 30 మిల్లీగ్రాములకన్న తక్కువ ఆల్బ్యుమిన్ పోవును. 30కిని 300కును నడుమనున్నచో అది తొలి హెచ్చరిక. 300 దాటిన నష్టము గట్టిపడినదని యర్థము. పెద్దలలో దినమునకు మూడున్నర గ్రాములకు మించి మాంసకృత్తు పోవునపుడు ఉబ్బు పైబడుట కలదు. దీనిని కొలుచుటకు దినమంతటి మూత్రమును పట్టనక్కఱలేదు. ఉదయపు మూత్రమును కొంచెము ఇచ్చిన చాలును. అందలి ఆల్బ్యుమిన్‌కును క్రియాటినిన్ అను పదార్థమునకును గల నిష్పత్తిని చూచి లెక్క చెప్పుదురు. జ్వరము, మూత్రనాళపు చీము, అధికశ్రమ ఉన్న దినములలో ఈ లెక్క తాత్కాలికముగ హెచ్చవచ్చును. అందువలన ఒక్క పరీక్షతో భయపడక, మూడునెలలలోపల మఱి యొకటిరెండు మార్లు చూపింపవలెను. మూత్రమున నురుగు లేచి చాలసేపు అణగకుండుట కూడ నొక గుర్తే. ఐనను నురుగంతయు ఆల్బ్యుమిన్ కాదు. నురుగు లేనంతమాత్రమున ఆల్బ్యుమిన్ లేదనియు కాదు. కన్ను చాలదు, పరీక్షయే ప్రమాణము.

ఒక హెచ్చరిక. మూత్రపిండ వ్యాధులన్నియు పాదకణములతో మొదలగునవి కావు. మన శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానప్రాంతమున ఎన్నో కుటుంబములను క్రుంగదీసిన వ్యాధిలో ప్రధానముగ చెడునవి గుచ్ఛముల క్రిందనుండు నాళికలు. అందుచే నచట రోగుల మూత్రమున ఆల్బ్యుమిన్ అంతగా కనబడదు. మూత్రము మాత్రమే పరీక్షించిన ఆ వ్యాధి కన్నుగప్పి పోవచ్చును. కావున మూత్రమున ఆల్బ్యుమిన్, రక్తమున క్రియాటినిన్ అను రెండు పరీక్షలును జోడెడ్లవంటివి. ఒకదానిని విడిచి మఱియొకదానితో సేద్యము సాగదు.

గుర్తు కనబడిన పిమ్మట చేయగలిగినది గలదా యని మీరు అడుగుదురు. కలదు. గుచ్ఛములోని పోటును తగ్గించు మందులు గలవు. ఎనలప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్ మొదలగునవి ఆ జాతివి. ఇవి గుచ్ఛమునుండి రక్తము వెడలు ద్వారమును వెడల్పుచేసి లోపలి పోటును దించును. 1993లో ప్రకటింపబడిన యొక ప్రసిద్ధ పరిశోధనలో, చిన్ననాటినుండి వచ్చు జాతి మధుమేహముగలవారికి కాప్టోప్రిల్ అను ఇట్టి మందు నిచ్చినపుడు, మరణించుట గాని, డయాలసిస్సునకో మూత్రపిండ మార్పిడికో పాల్పడుట గాని, దాదాపు సగమునకు తగ్గెను. పిమ్మట మధుమేహమునకై పుట్టిన డాపాగ్లిఫ్లోజిన్, కెనాగ్లిఫ్లోజిన్ మొదలగు మందులు మూత్రపిండములను గూడ కాపాడుచున్నవని 2019లోను 2020లోను పెద్ద పరిశోధనలు నిరూపించినవి. ఇవి చచ్చిన కణములను బ్రతికింపవు. బ్రతికియున్నవానిపై భారమును తగ్గించును. అందుచేతనే ముందుగ మొదలుపెట్టినవారికి లాభ మెక్కువ. వీనిని వైద్యుని యాజ్ఞలేక వాడరాదు. మొదట చెప్పిన జాతి మందులు గర్భిణులకు నిషిద్ధములు.

మందుతోపాటు ఇంటిలో చేయదగిన పనులు గలవు. ఉప్పు తగ్గింపవలెను. ఊరగాయలు, అప్పడములు, ఎండుచేపలు, ఉప్పుమిరపకాయలు మనకు ప్రియమైనవే గాని, రక్తపుపోటు ఉన్నవాడు వానిని రుచికి మాత్రమే ముట్టవలెను. పొగాకు మానవలెను. ఒంటినొప్పులకై అంగడిలో కొను మాత్రలను దినదినము మ్రింగరాదు. వానిలో కొన్ని మూత్రపిండములకు రక్తము పోవు దారిని కుంచించును, కొన్నియెడల పాదకణములనే చెఱచును. కుండెడు నీరు త్రాగిన మూత్రపిండములు కడుగబడునని కొందఱి నమ్మకము. ఎండలో పనిచేయువాడు దప్పిక తీఱునట్లు త్రాగవలసినదే. కాని పాదకణముల వ్యాధికి నీరు మందు కాదు. ఒడలు ఉబ్బినవాడు నీటిని వైద్యుడు చెప్పిన కొలతనే త్రాగవలెను.

పెద్దలారా, ఉపేక్షకు వెల యెంతయో తెలిసిన, పరీక్షకు పట్టు శ్రమ తేలికయని తోచును. మూత్రపిండములు పూర్తిగ చెడినవాడు సాధారణముగ వారమునకు మూడుమార్లు, మారునకు నాలుగు గంటలు, డయాలసిస్సు యంత్రమునకు కట్టుబడి యుండవలెను. పొలము వాని చేతిలో నుండదు; ఆసుపత్రి దారియే బ్రతుకగును. వానితో నొకరు తోడు పోవలెను. అనగా ఒక యింట ఇద్దఱి పని నిలుచును. దీనికి ప్రతిగ, మధుమేహమో రక్తపుపోటో ఉన్నవానికి ఏటి కొకసారి మూత్రమును, రక్తమును పరీక్షింపజేయుట యెంతటి పని?

కావున మీకు నా మనవి యిది. మీ యింటిలోను, మీ మాట వినువారి యిండ్లలోను, మధుమేహము గలవారెవరు, రక్తపుపోటు గలవారెవరు, తోబుట్టువులకో తల్లిదండ్రులకో మూత్రపిండములు చెడినవారెవరు అని లెక్క వేసికొనుడు. ఆల్బ్యుమిన్, క్రియాటినిన్ అను రెండు పేర్లను గోడమీద వ్రాయించి యుంచుడు. వైద్యుని యొద్దకు పోయినపుడు ఆ రెండింటిని చూచిరా యని అడుగుటకు సంకోచింపవలదు. ఒడలు ఉబ్బిన బిడ్డను ఆ దినముననే ఆసుపత్రికి పంపుడు. పాదకణములు మనకు మాటిమాటికి పుట్టునవి కావు. ఉన్నవానిని నిలుపుకొనుట యొక్కటే మన చేతిలోని పని. ఆ పనికి వేళ, నొప్పి పుట్టిన పిమ్మట కాదు. నొప్పి లేని నేడే.